కృతజ్ఞతా నాయకురాలు

హైమవతికి నాయకురాలు కావాలన్న కోరిక ఎప్పుడూ లేదు. తనకు తెలిసిన ఆడవాళ్ళంతా నాయకురాళ్ళయిపోయాక తనొక్కతే మిగిలిపోవడం మాత్రం ఇష్టం లేదు. ఈ రెండూ ఒకటి కావని ఆవిడ గట్టి నమ్మకం.

ఆవిడ భర్త సాంబశివరావుది చిలకలూరిపేట. పొగాకు గ్రేడరు. ఆకును రెండు వేళ్ళ మధ్య నలిపి, ఒకసారి వాసన చూసి, అది ఏ రకమో, ఎవరి చేలో పండిందో, ఆ రైతుకి భార్యతో పడుతోందో లేదో కూడా చెప్పగలడని పేరు. ఆ విద్య మీదే మలావీ దేశం వచ్చాడు. లిలాంగ్వే ఊళ్ళో పొగాకు గోదాముల చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు ఓ పాతిక దాకా ఉన్నాయి. మగవాళ్ళకి గోదాములున్నాయి. ఆడవాళ్ళకి మైత్రీ సమితి మహిళా విభాగం ఉంది.

మహిళా విభాగంలో అందరూ సమానమే. ఎవరి భర్త ఏ హోదాలో ఉంటే ఆవిడ ఆ హోదాకి తగినట్టు సమానం. జనరల్ మేనేజరు గారి భార్య రత్నకుమారి ప్రెసిడెంటు. గ్రేడరు భార్య కాబట్టి హైమవతి కార్తీక వనభోజనాలకి పులిహోర కలిపేది, ఉగాదికి పచ్చడి కలిపేది, మీటింగుల్లో చివరి వరసలో కూర్చుని తల ఊపేది.

అలా సుఖంగా గడిచిపోతున్న విభాగానికి సేవ చెయ్యాలన్న ఆలోచన ఎలా వచ్చిందంటే, గుజరాతీ ఆడవాళ్ళు ఒక బడికి బెంచీలు ఇచ్చి పేపర్లో పడ్డారు. ఫోటో రంగుల్లో వచ్చింది. ఆ పేపరు రత్నకుమారి గారి టీపాయ్ మీద వారం రోజులు కదలకుండా ఉంది.

"పేదపిల్లల బాధ చూడలేకపోతున్నా హైమా," అంది రత్నకుమారి, ఆ ఫోటో వంకే చూస్తూ.

ఆ తర్వాతి శనివారం అందరూ కలిసి ఊరి చివర ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలకి వెళ్ళారు. హెడ్ మిస్ట్రెస్ మిసెస్ చిర్వా. నిలువెత్తు మనిషి, గంభీరమైన గొంతు, నవ్వితే మాత్రం మొహమంతా నవ్వుతుంది. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిళ్ళకి మాన్పించబోయిన ఆడపిల్లల్ని ఇంటికెళ్ళి మరీ వెనక్కి తెచ్చుకున్న మనిషని డ్రైవరు దారిలో చెప్పాడు. పిల్లల తల్లుల్ని పోగుచేసి, వంతులు వేసి, పొద్దున్నే బళ్ళో ఫాలా కాయిస్తుంది. ఫాలా అంటే జావ. మొక్కజొన్న పిండి, సోయా పిండి, వేరుశనగ పొడి కలిపి కాస్తారు. ఆ జావ కోసమే చాలామంది పిల్లలు మైళ్ళు నడిచి వస్తారు. వచ్చినవాళ్ళకి చదువు కూడా వస్తుంది.

"జనవరి వచ్చేసరికి మా దగ్గర గింజలు అయిపోతాయి," అంది మిసెస్ చిర్వా ఇంగ్లీషులో. "మళ్ళీ ఏప్రిల్లో కోతలు కోసేదాకా కష్టకాలం. జావ ఆగిపోతే బడి సగం ఖాళీ అవుతుంది. మీరు పిండి ఇవ్వండి. మిగతాదంతా మేం చూసుకుంటాం."

ఆడవాళ్ళందరి మొహాలూ చిన్నబోయాయి. వాళ్ళు వచ్చింది ఆ మిగతాది కోసమే.

పిండి కోసం రత్నకుమారి మాతృసంస్థకి రాసింది. దాని పేరు విశ్వాంధ్ర మహిళా శిఖర సమాఖ్య. దాని సమన్వయకర్త డాక్టర్ రాజ్యశ్రీ గారు ఏ దేశంలో ఉంటారో ఎవరికీ తెలియదు. వీడియోలో ఎప్పుడు కనిపించినా ఆవిడ వెనక విమానాశ్రయమే ఉంటుంది.

"మన పథకం పేరు, ఆఫ్రికా బాలల విద్యా పోషణాభివృద్ధికి మహిళా నాయకత్వ సమీకృత కార్యక్రమం," అన్నారు ఆవిడ. "ఇందులో పోషణ ఒక పార్శ్వం మాత్రమే. నాయకత్వం దీనికి ఆత్మ."

అందరూ ఆత్మకి తలలూపారు.

"ఇన్నాళ్ళూ సేవారంగంలో ఏం జరిగింది? ఒక మహిళ ఆజ్ఞాపించింది, ఇంకో మహిళ పాటించింది. ఇది కాలం చెల్లిన సోపాన వ్యవస్థ. కనుక మా నూతన మార్గదర్శకాల ప్రకారం, పథకం అమలు జరిగే ఆవరణలో నాయకురాలు కాని మహిళ ఉండరాదు. అటువంటి మహిళ ఒక్కరు కంటబడినా సరుకు సరఫరా తక్షణం నిలిపివేయబడుతుంది."

హైమవతి చివరి వరసలోంచి చెయ్యెత్తింది. "మేడమ్ గారూ, మరి జావ ఎవరు కాస్తారండీ?"

"మంచి ప్రశ్న. దీనిపై ఒక ఉపసంఘం వేద్దాం," అన్నారు డాక్టర్ రాజ్యశ్రీ. ఇంతలో వెనక ఏదో విమానానికి పిలుపు వినిపించింది. ఆవిడ మాయమైపోయారు.

పదవుల పంపకం రత్నకుమారి గారింట్లో జరిగింది. పునుగులు పెట్టారు.

"ఎవరి మనసూ నొప్పించకుండా పంచుకుందాం," అని మొదలుపెట్టింది రత్నకుమారి. గంటలో అందరి మనసులూ నొచ్చుకున్నాయి. విద్యా నాయకురాలు, విజ్ఞాన నాయకురాలు ఒకటే కదా అని ఒకావిడ అలిగితే, విజ్ఞానం ఇంకాస్త పెద్దదని నచ్చజెప్పి పంపారు. హైమవతి కన్ను మాత్రం పోషణ నాయకురాలి మీద ఉంది. ఆ పదవి డిప్యూటీ మేనేజరు భార్య సుహాసినికి వెళ్ళింది. సుహాసిని ఇంట్లో ఇద్దరు వంటవాళ్ళు. స్టవ్వు ఎటు తిప్పితే వెలుగుతుందో ఆవిడ ఇంతవరకు కనుక్కోలేదు.

"మరి నాకేం మిగిలిందండీ?" అంది హైమవతి.

"నీకు చాలా ముఖ్యమైంది దాచా," అంది రత్నకుమారి. "కృతజ్ఞతా నాయకురాలు. ప్రారంభోత్సవం రోజు వందన సమర్పణ నువ్వే చెయ్యాల."

వందన సమర్పణ చేసే మనిషి మొహం మన సభల్లో ఎవరూ చూసి ఎరగరు. అప్పటికి జనం భోజనాల దగ్గర ఉంటారు. ఆ సంగతి హైమవతికీ తెలుసు. అయినా మైకు మైకే. ఆవిడ ఆ రాత్రే అద్దం ముందు నిలబడి సాధన మొదలుపెట్టింది. ఈ దేశపు భాషలో ధన్యవాదాలని 'జికోమో' అంటారు. చాలా ధన్యవాదాలని అనాలంటే 'జికోమో క్వంబిరి'. ఆ రెండోది అనేటప్పుడు గొంతు కొంచెం వణకాలని నిర్ణయించుకుంది.

"ఎవరితోనే మాట్లాడతన్నావు?" అన్నాడు సాంబశివరావు మంచం మీంచి.

"ఆఫ్రికాతో," అంది హైమవతి.

పిండి బస్తాలు లారీలో వచ్చాయి. బళ్ళో ఒక గదిలో దింపించి తాళం వేశారు. తాళంచెవి రత్నకుమారి తీసుకుని హ్యాండ్ బ్యాగులో వేసుకుంది. డాక్టర్ రాజ్యశ్రీ గారు స్వయంగా వచ్చి ప్రారంభించేదాకా ఒక్క బస్తా కూడా విప్పడానికి వీల్లేదు.

"ప్రారంభోత్సవం కాకుండా బస్తా విప్పితే దాన్ని పథకం అనరు, వంట అంటారు," అని వివరించింది రత్నకుమారి.

ఈలోగా మార్గదర్శకాల ప్రకారం జావ కాచే తల్లులందరినీ నాయకురాళ్ళని చెయ్యాలి. గుమ్మడిపండు రంగు శాటిన్ పట్టీలు కుట్టించి, భుజం మీంచి అడ్డంగా వేసుకోమని ఇచ్చారు. మంట నాయకురాలు, కట్టెల నాయకురాలు, నీటి నాయకురాలు. తెడ్డు తిప్పడంలో అందరికంటే చెయ్యి తిరిగిన ఆగ్నెస్‌కి తెడ్డు నాయకురాలని వేశారు. ఆ తర్వాత వాళ్ళని ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టి, గోడకి దుప్పటి కట్టి, దాని మీద బొమ్మలు వేసి చూపిస్తూ శిక్షణ ఇచ్చారు. మొదటి బొమ్మ మీదే పెద్ద అక్షరాలతో ఉంది: నాయకురాలు చెయ్యదు, చేయిస్తుంది.

ఆగ్నెస్ చెయ్యెత్తి ఏదో అడిగింది. మిసెస్ చిర్వా ఇంగ్లీషు చేసి చెప్పింది. "తను ఇంక తెడ్డు పట్టుకోకూడదా అని అడుగుతోంది."

"అస్సలు పట్టుకోకూడదు," అంది రత్నకుమారి. "ఇంకొకళ్ళు పట్టుకునేట్టు స్ఫూర్తినివ్వాల."

ఆగ్నెస్ మళ్ళీ ఏదో అంది. తల్లులంతా కుర్చీలు విరిగేలా నవ్వారు. మిసెస్ చిర్వా కూడా నవ్వాపుకుంటూ చెప్పింది. "వాళ్ళాయన ఇరవై ఏళ్ళుగా నాయకుడేనట. తనకి ఈ సంగతి ఇవాళే తెలిసిందట."

శిక్షణ చాలా బాగా ఫలించింది. మర్నాటి నుంచి ఆ బళ్ళో పని చేసే ఆడమనిషి ఒక్కరు కూడా లేకుండా పోయారు.

జనవరి నడుస్తోంది. ఒకరోజు హైమవతి తన ఉపన్యాసంలో పెట్టుకోవడానికి పిల్లల పేర్లు నాలుగు కనుక్కుందామని బడికి వెళ్ళింది. పొయ్యి చల్లగా ఉంది. పక్కన పెద్ద కుండలు రెండు బోర్లించి ఉన్నాయి. చిన్నపిల్లలు కొందరు ప్లాస్టిక్ కప్పులు చేత్తో పట్టుకుని వచ్చారు. పొయ్యి వంక చూశారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, వచ్చిన దారినే వెనక్కి నడిచారు. ఎవరూ ఏడవలేదు, ఎవరూ అడగలేదు. అలవాటున్నవాళ్ళలా వెళ్ళిపోయారు.

"ఒకటో తరగతిలో సగానికి సగం మంది రావడం లేదు," అంది మిసెస్ చిర్వా. "ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే ఆడపిల్లలు కొందరు ఇంక ఎప్పటికీ రారు. చెల్లెళ్ళని ఎత్తుకోమని ఇంట్లో కూర్చోబెడతారు. ఒకసారి అలా కూర్చున్నాక వెనక్కి తేవడం ఎంత కష్టమో నాకు తెలుసు."

"మీరు తల్లులకి చెప్పి కాయించొచ్చు గదండీ?"

"నేను చెప్తే ఒక మహిళ నా కింద పనిచేసినట్టవుతుందట. మీ ప్రెసిడెంటు గారు నిన్న ఫోన్ చేసి మరీ హెచ్చరించారు. అయినా తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంది. పిండి గోడకి అవతల, పిల్లలు గోడకి ఇవతల. నాకేమో పట్టీ ఇచ్చారు." మిసెస్ చిర్వా సొరుగులోంచి తన పట్టీ తీసి చూపించింది. దాని మీద 'స్థానిక నాయకురాలు' అని ఉంది.

హైమవతి ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంది. ఆ పిల్లల నడకే కళ్ళముందు కనిపిస్తోంది. మనసు వికలమై రెండోసారి పెరుగు వేసుకోలేదు. చేతులు కడుక్కుని రత్నకుమారికి ఫోన్ చేసింది.

"వదినగారూ, ఆ తాళం ఒక్కసారి ఇస్తే రేపు ఒక బస్తా..."

"నేను ఇవ్వనంటానా హైమా? నాకు మాత్రం జాలి లేదా? రాజ్యశ్రీ గారికి తెలిస్తే మొత్తం సరుకు ఆపేస్తారు. అప్పుడు ఆ పిల్లల గతేంది? వాళ్ళ కోసమేగా నేనీ తాళం బ్యాగులో పెట్టుకుని తిరిగేది."

కానీ రత్నకుమారి నిజంగానే మాతృసంస్థని అడిగింది. జావ ఎవరు కాయాలి అని. ఉపసంఘం కూర్చుంది. జవాబు వచ్చింది. మార్గదర్శకాల్లో 'మహిళ' అనే ఉంది కానీ 'మనిషి' అని లేదు. కనుక పురుషులు నాయకత్వం లేకుండా ఎంతసేపైనా పనిచేయవచ్చు. పనిలో పనిగా ప్రారంభోత్సవం వచ్చే శనివారానికి ఖాయం చేశారు.

"నేను ఆకు గ్రేడర్ని. జావ గ్రేడర్ని కాదు," అన్నాడు సాంబశివరావు.

"జనరల్ మేనేజరు గారు కూడా తిప్పుతున్నారండీ."

"ఆయన తెడ్డు పట్టుకుని ఫోటో దిగి వెళ్ళిపోతాడు. మిగిలేది నేనే. ఇంట్లో నేను కాఫీ కలుపుకోవడం ఎప్పుడన్నా చూశావా?"

"చూడలా. అందుకేగా మిమ్మల్ని వాళ్ళు నమ్మింది. మీలో నాయకత్వం లేదని."

శనివారం పొద్దున మగవాళ్ళు దిగారు. బస్తా విప్పగానే సాంబశివరావు అలవాటుగా పిండి కొంచెం తీసి రెండు వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాడు. పక్కనున్న గ్రేడరు కూడా చూశాడు. ఇది రెండో రకమని ఒకరు, తేమ ఎక్కువుందని ఇంకొకరు, చాలాసేపు చర్చించుకున్నారు. నీళ్ళు మాత్రం ఎవరూ పొయ్యి మీద పెట్టలేదు.

వేదిక గోదాము నుంచి తెచ్చిన చెక్క పలకలతో కట్టారు. డాక్టర్ రాజ్యశ్రీ గారు కారు దిగారు. ఆవిడ వెనక విమానాశ్రయం లేకపోవడం చూసి అందరికీ కొత్తగా అనిపించింది. ఆవిడ పిల్లల వంక చూసి ఆగిపోయారు. మిసెస్ చిర్వా ఆ రోజు జావ ఉందని ఊరంతా కబురు చెప్పించింది. పిల్లలు విరగబడి వచ్చారు. కప్పులు పట్టుకుని నేలమీద వరసగా కూర్చున్నారు.

"బాలిక అంటే ఎవరు?" అన్నారు డాక్టర్ రాజ్యశ్రీ.

సుహాసిని చెయ్యెత్తబోయి దించేసింది.

"బాలిక అంటే లఘు మహిళ. నేలమీద ఇంతమంది మహిళలు కూర్చుని ఉండగా వేదిక మీద నేనెలా కూర్చోగలను? మార్గదర్శకాలు వయసుని బట్టి మారవు."

మళ్ళీ గోదాముకి లారీ వెళ్ళింది. చెక్క పలకలు వచ్చాయి. వేదిక అటూ ఇటూ పెరిగి బడి గోడల్ని తాకింది. పట్టీలు చాలక ఉన్నవాటిని మూడేసి ముక్కలు చేసి, ఆడపిల్లలందరి మెడలకీ కట్టారు. ఆడపిల్లలు, పంతులమ్మలు, తల్లులు, మహిళా విభాగం అందరూ వేదిక ఎక్కారు. కింద మగపిల్లలూ, నాలుగు మేకలూ మిగిలాయి. సభకి వీళ్ళే ప్రేక్షకులు. చప్పట్లు ఎప్పుడు కొట్టాలో సుహాసిని వాళ్ళకి సైగ చేస్తుంది.

జ్యోతి ప్రజ్వలన అయింది. అసలు కష్టం అప్పుడు మొదలైంది. మన సభల్లో ఎవరు మాట్లాడినా ముందు వేదికనలంకరించిన పెద్దలందరినీ పేరుపేరునా సంబోధించాలి. ఒక్క పేరు మర్చిపోయినా ఆ కుటుంబంతో పదేళ్ళు మాటలుండవు. పైగా ఇక్కడ వేదిక మీద ఉన్న ప్రతి ఒక్కరూ నాయకురాలే. రత్నకుమారి స్వాగతోపన్యాసం మొదలుపెట్టి, "వేదికనలంకరించిన గౌరవనీయ డాక్టర్ రాజ్యశ్రీ గారికి, పోషణ నాయకురాలు సుహాసిని గారికి," అంటూ వెళ్ళి, ఎండ నడినెత్తికి వచ్చేసరికి "మూడో తరగతి నాయకురాలు ఎస్తేరు గారికి, ఆవిడ చెల్లెలు ఒకటో తరగతి నాయకురాలు మెర్సీ గారికి" దగ్గర ఉంది. పేర్లు అయిపోయాక చెప్పాలనుకున్న విషయం ఆవిడకి గుర్తు రాలేదు. కూర్చుంది. మగపిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత విద్యా నాయకురాలు లేచి, "వేదికనలంకరించిన..." అంది.

కింద మొదటి కుండ అడుగంటింది. ఆ వాసన మెల్లగా వేదిక ఎక్కింది. వేదిక మీద ఉన్న ప్రతి ఆడమనిషి ముక్కూ ఒకేసారి అటు తిరిగింది. ఎవరూ కదల్లేదు. కదిలితే నాయకత్వం పోతుంది. నాయకత్వం పోతే పిండి పోతుంది. ఆగ్నెస్ కళ్ళు మూసుకుంది. సుహాసిని ఒక్కతే, "ఏదో కమ్మటి వాసన," అంది.

చిన్నపిల్లలు వాళ్ళమ్మల ఒళ్ళలో నిద్రపోయారు. కొంతమంది కప్పుల్ని కొరుకుతున్నారు. మెర్సీ గారు తన పట్టీ నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

చిట్టచివరికి హైమవతి వంతు వచ్చింది. రెండు నెలలుగా అద్దం ముందు సాధన చేసిన గొంతు. మైకు చేతిలోకి వచ్చింది. ఇన్నేళ్ళలో మొదటిసారి అందరూ ఆవిడ వంకే చూస్తున్నారు. భోజనాల దగ్గరికి వెళ్ళిపోవడానికి భోజనాలు తయారవలేదు కాబట్టి.

"వేదికనలంకరించిన గౌరవనీయ..." అని మొదలుపెట్టింది. పెద్దలయ్యారు. పంతులమ్మలయ్యారు. అయిదో తరగతి నాయకురాలు గ్రేస్ గారి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చూపు కిందికి వెళ్ళింది. సాంబశివరావు రెండో కుండ పెట్టాడు. నీళ్ళు కుతకుతా ఉడుకుతున్నాయి. ఆయన పిండి బస్తా భుజాన ఎత్తుకుని, దాని మూతి విప్పి, మరిగే నీళ్ళలో గుమ్మరించబోతున్నాడు.

ఉండలు కడుతున్న జావని చూస్తూ నోరు మూసుకుని నిలబడిన ఆడది హైమవతి పుట్టిన వంశంలో లేదు.

"ఏవండీ," అంది మైకులోనే. బడి, మేకలు, రోడ్డు మీద వెళ్ళే సైకిళ్ళు అన్నీ ఆగాయి. "మరిగే నీళ్ళలో పొడి పిండి పొయ్యమాకండి. ముందు చన్నీళ్ళలో కలుపుకోవాల. ఆపండి."

"ఏంది?" అన్నాడు సాంబశివరావు. ఏంది అనేలోపు కొంత పిండి పడనే పడింది.

"ఉండలు కడతంది గదండీ. తిప్పండి. అట్టా కాదు. అడుగునుంచి."

"కృతజ్ఞతా నాయకురాలు తమ పరిధిలో ఉండవలసిందిగా కోరుతున్నాము," అన్నారు డాక్టర్ రాజ్యశ్రీ.

హైమవతి ఆవిడ వంక చూసింది. కుండ వంక చూసింది. తన ఉపన్యాసంలో ఇంకా చెప్పని వాక్యాలు బోలెడున్నాయి, గొంతు వణకాల్సిన చోటు కూడా రాలేదు. అన్నిటికంటే దగ్గరగా మెర్సీ గారు పట్టీ నములుతూ ఆవిడ మొహంలోకి చూస్తోంది.

"నాకు పరిధి వద్దులెండి," అంది హైమవతి. మైకు గ్రేస్ గారి చేతిలో పెట్టి, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, చెక్క పలకల మీంచి కిందకి దూకింది. పట్టీ ఒక మేకుకి తగులుకుని అక్కడే ఉండిపోయింది. భర్త చేతిలోంచి తెడ్డు లాక్కుని తిప్పడం మొదలుపెట్టింది. పొగలో చీర పాడవుతుందని ఎవరో తల్లి పైనుంచి లుంగీలా కట్టుకునే తన చితెంజె గుడ్డ విసిరితే దాన్ని నడుముకి చుట్టుకుంది.

"మంట తగ్గించు హైమా, మంట," అంది వేదిక మీంచి విజ్ఞాన నాయకురాలు. వినిపించుకోకపోయేసరికి ఆవిడే దిగొచ్చింది. "మంట తగ్గిస్తే ఎట్టా ఉడుకుద్ది?" అంటూ విద్యా నాయకురాలు దిగింది. ఉప్పు ఎవరూ వెయ్యలేదని ఇద్దరు దిగారు. ఆగ్నెస్ కళ్ళు తెరిచి, కుర్చీలోంచి లేచి, ఒక్క అంగలో కుండ దగ్గరికొచ్చి, హైమవతిని భుజంతో పక్కకి నెట్టి గాలికి ఎదురు కాకుండా నిలబెట్టి, రెండో తెడ్డు అందుకుంది. ఇద్దరూ చెరోపక్కనుంచి తిప్పారు. భాష రాకపోయినా తిట్టుకోవడంలో ఇద్దరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. రత్నకుమారి చాలాసేపు నిగ్రహించుకుని, చివరికి "వేరుశనగ పొడి ఆఖర్న వెయ్యాల, ముందు కాదు," అంటూ తనే తాళం తీసి గదిలోంచి పొడి సంచీ పట్టుకొచ్చింది.

మిసెస్ చిర్వా చిన్నపిల్లల్ని ముందుకి నిలబెట్టింది. ఆడపిల్లలు, మగపిల్లలు కలిసి. కప్పులు నిండాయి. అప్పటిదాకా ఉన్న అరుపులు, కేకలు, సూచనలు అన్నీ ఆగిపోయి, ఒక్కసారిగా ఆవరణంతా ఊదుకుంటూ తాగే చప్పుడు. ఉండలు రెండో మూడో తగిలాయి. పిల్లలు వాటిని నమిలి తిన్నారు. మెర్సీ గారు రెండోసారి వచ్చింది, మూడోసారి కూడా వచ్చింది.

వేదిక మీద డాక్టర్ రాజ్యశ్రీ గారొక్కరే మిగిలారు. ఆవిడ నియమాల పుస్తకం తెరిచారు. కింద ఇంతమంది ఆడవాళ్ళు పనిచేస్తున్నారు. పథకం రద్దు చెయ్యాలి. రత్నకుమారి పొడి సంచీ వీపు వెనక దాచుకుంది. హైమవతి చేతిలో తెడ్డు ఆగింది. ఆ పిల్లల రేపటి జావ రాజ్యశ్రీ గారి నోటి మాట మీద ఉంది.

డాక్టర్ రాజ్యశ్రీ చాలాసేపు చూశారు. ఒకావిడ నీళ్ళు పొయ్యమంటోంది, ఇంకొకావిడ వద్దంటోంది. ఆగ్నెస్ తెడ్డుతో బెదిరిస్తోంది. ప్రతి ఆడమనిషీ ఇంకొకరికి ఆజ్ఞలు ఇస్తోంది. ఒక్కరు కూడా ఇంకొకరి మాట వినడం లేదు.

"ఇక్కడ ఎవరూ ఎవరికీ విధేయులు కారు," అన్నారు ఆవిడ మెల్లగా, కళ్ళు చెమర్చగా. "ఇన్ని దేశాలు తిరిగాను. సోపానరహిత నాయకత్వం ఆచరణలో చూడడం ఇదే ప్రథమం."

సరఫరా కోతల దాకా మంజూరైంది. ఇకపై అన్ని దేశాల్లోనూ నాయకురాళ్ళు కనీసం అరగజం ఎత్తు వేదిక మీంచి దూకాలని మార్గదర్శకాల్లో కొత్త నిబంధన చేరింది. ఆ హడావుడిలో గది తాళంచెవి తాళానికే ఉండిపోయింది. మిసెస్ చిర్వా దాన్ని తీసి తన జేబులో వేసుకుంది. ఆ తర్వాత దాన్ని ఎవరూ అడగలేదు. ఆవిడా గుర్తు చెయ్యలేదు.

నెల తర్వాత సమాఖ్య వార్షిక నివేదిక వచ్చింది. అట్ట మీద ఫోటో. కుండ, ఆవిరి, తెడ్డు, నడుముకి చితెంజె కట్టుకున్న ఒక ఆడమనిషి వీపు. కింద ఇలా ఉంది: పథకం వలన లబ్ధి పొందిన ఒక స్థానిక మహిళ.

"నేనేనండీ ఇది," అంది హైమవతి.

"తెలుస్తానే ఉంది," అన్నాడు సాంబశివరావు. "వెనకనుంచి ఎంత దూరాన ఉన్నా నిన్ను గుర్తుపడతాను."

"మీరు గుర్తుపట్టి ఏం లాభం?"

ఆ నివేదిక పట్టుకుని ఆవిడ మిసెస్ చిర్వా దగ్గరికి వెళ్ళింది. తన పేరు వెయ్యలేదని, తన వందన సమర్పణ మధ్యలోనే ఉండిపోయిందని, జికోమో క్వంబిరి దాకా వెళ్ళనేలేదని మొత్తం చెప్పుకుంది. మిసెస్ చిర్వా ఓపిగ్గా విన్నది.

"మా దగ్గర జావ కాచే తల్లుల్ని పేర్లతో పిలవం," అంది. "ఏ రోజు ఎవరి వంతో ఆ రోజుతో పిలుస్తాం. ఆగ్నెస్ శుక్రవారం. మొన్న మా మంగళవారానికి కవలపిల్లలు పుట్టారు. ఇప్పట్లో రాదు. మంగళవారం ఖాళీగా ఉంది. తెల్లారేలోపు పొయ్యి అంటుకోవాలి. పట్టీ ఉండదు, మైకు ఉండదు."

హైమవతి ఆలోచించుకుని చెప్తానంది. మంగళవారం చీకటితోనే వెళ్ళింది. అయిదో తరగతి పిల్లలు గేటు దగ్గరే ఆవిడని చూసి, "మంగళవారం వచ్చింది," అని లోపలికి కేక వేశారు.

రత్నకుమారికి ఈ సంగతి తెలిసి, "మంగళవారం అంటే ఏ హోదా హైమా? వైస్ ప్రెసిడెంటుకి పైనా, కిందా?" అని అడిగింది. హైమవతి ఆ వారంలోనే విజిటింగ్ కార్డులు కొట్టించుకోవడానికి ప్రెస్సుకి వెళ్ళింది. పైన 'హైమవతి', దాని కింద 'మంగళవారం' అని చాలనుకుంది. మళ్ళీ చిలకలూరిపేటలో తోడికోడళ్ళకి అర్థం కాదేమోనన్న అనుమానం వచ్చి, ఆ కింద ఇంకొంచెం పెద్ద అక్షరాలతో 'మలావీ దేశమంతటికీ' అని వేయించింది.